డిస్క్రైబ్: ఇంగ్లిష్‌లో ఒక్క క్రియ, తెలుగులో మూడు

విదేశాల్లో మాస్టర్స్ చేయడానికి వెళ్లిన మన విద్యార్థులకు మొదటి సెమిస్టర్‌లో తరచూ ఎదురయ్యే వ్యాఖ్య ఒకటుంది. రాత్రులు మేలుకొని రాసిన అసైన్‌మెంట్ తిరిగొస్తుంది. మార్జిన్‌లో "టూ డిస్క్రిప్టివ్" అని ఉంటుంది, మార్కులు తగ్గి ఉంటాయి. చాలామందికి ఇది అర్థం కాదు. ఎందుకంటే ఇక్కడ ఆ మాటకు మంచి గౌరవం ఉంది. గ్రూప్-1 మెయిన్స్ డిస్క్రిప్టివ్ పరీక్ష. ప్రిలిమ్స్‌లో బబుల్స్ దిద్ది గట్టెక్కినవాళ్లకే అది రాసే అవకాశం వస్తుంది. బ్యాంకు పరీక్షల్లోనూ ఆబ్జెక్టివ్ పేపర్‌కు తోడుగా డిస్క్రిప్టివ్ టెస్ట్ పెట్టడం మామూలే. డిస్క్రిప్టివ్ అంటే సొంతంగా రాసే పెద్ద జవాబు అని మనకు స్థిరపడిపోయింది. అదే మాట అక్కడ లోపం ఎలా అయింది?

తప్పు విద్యార్థిదీ కాదు, దిద్దినవాళ్లదీ కాదు. చిక్కంతా "డిస్క్రైబ్" అనే క్రియలో ఉంది. స్కూల్లోనే నేర్చుకునే మాట కాబట్టి దాన్ని ఎవరూ నిఘంటువులో వెతకరు. కానీ ఇంట్లో దాని పని ఒకటి, కోర్టులో ఒకటి, జీవశాస్త్ర పత్రికలో ఒకటి, ప్రశ్నపత్రంలో మరొకటి.

క్లుప్తంగా చెప్పాలంటే: ఒక విషయం ఎలా ఉందో చెప్పడం వరకే డిస్క్రైబ్ హద్దు. ఎందుకు అలా ఉందో చెప్పడం దాని పని కాదు. తెలుగులో ఈ క్రియ చేసే పనుల్ని వర్ణించు, వివరించు, అభివర్ణించు అనే మూడు క్రియలు పంచుకుంటున్నాయి. ఆ మూడింటి గీతలు ఇంగ్లిష్ గీతతో కలవవు. వ్యాకరణంలో దొర్లే తప్పులకూ, పరీక్షల్లో పోయే మార్కులకూ చాలావరకు మూలం అక్కడే ఉంది.

రాత నుంచి వచ్చిన మాట

లాటిన్‌లో "స్క్రీబెరె" అంటే రాయడం. దానికి ముందు "డే" చేరితే "డేస్క్రీబెరె", అంటే చూసి రాసిపెట్టడం, నకలు తీయడం, గీయడం. అది ఫ్రెంచి మీదుగా మధ్యయుగాల్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. అప్పట్లో దాన్ని "డిస్క్రైవ్" వంటి రూపంలో పలికేవారు. తర్వాత లాటిన్ చదువుకున్నవాళ్లు మూలానికి దగ్గరగా ఉండాలని "బ" శబ్దాన్ని తిరిగి తెచ్చారు.

ఈ కుటుంబంలోని మాటలు తెలుగువాళ్ల నోట రోజూ ఆడుతూనే ఉంటాయి. డాక్టర్ ఇచ్చే ప్రిస్క్రిప్షన్, సినిమావాళ్ల స్క్రిప్ట్, యూట్యూబ్‌లో అడిగే సబ్‌స్క్రైబ్ అన్నీ ఆ "రాయడం" నుంచే పుట్టాయి. సబ్‌స్క్రైబ్ అంటే మొదట్లో కింద సంతకం పెట్టడం. "లింక్ డిస్క్రిప్షన్‌లో ఇచ్చాను, ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చేసుకోండి" అనే వాక్యంలో ఒకే తల్లి పిల్లలు ఇద్దరున్నారు.

గీయడం అన్న పాత అర్థం జ్యామితిలో ఇప్పటికీ బతికే ఉంది. యూక్లిడ్ మూడో స్వీకృతం ఇంగ్లిష్ అనువాదాల్లో "టు డిస్క్రైబ్ ఎ సర్కిల్" అని మొదలవుతుంది. అక్కడ వృత్తం ఎలా ఉంటుందో చెప్పమని ఎవరూ అడగడం లేదు, వృత్తాన్ని గీయమంటున్నారు. గ్రహం సూర్యుడి చుట్టూ దీర్ఘవృత్తాన్ని "డిస్క్రైబ్" చేస్తుందని భౌతికశాస్త్ర పుస్తకాలు రాస్తాయి. 1609లో కెప్లర్ ప్రకటించిన మొదటి నియమాన్ని ఇంగ్లిష్‌లో చెప్పే పద్ధతుల్లో ఇదొకటి. కదిలే వస్తువు తన దారితో ఒక ఆకారాన్ని గీసిందని దాని భావం. పాత ఇంగ్లిష్ లెక్కల పుస్తకం తెరిచి "డిస్క్రైబ్ యాన్ ఆర్క్" అన్నచోట వాక్యాలు రాయడానికి సిద్ధపడే పిల్లవాడికి కావలసింది కాంపస్.

వీధిలో: ఆనవాళ్లు చెప్పడం

రోజువారీ ఇంగ్లిష్‌లో ఈ క్రియ వాడాల్సిన అవసరం ఒక పరిస్థితిలో వస్తుంది. ఒకరు చూశారు, ఇంకొకరు చూడలేదు. చూడనివాళ్ల మనసులో బొమ్మ కట్టించాలి. "కెన్ యూ డిస్క్రైబ్ ద మ్యాన్?" అని పోలీసు అడిగితే ఎత్తు, రంగు, చొక్కా, గడ్డం చెప్పాలి. "డిస్క్రైబ్ ద పెయిన్" అని డాక్టర్ అడిగితే పొడిచినట్టుందా, మండుతోందా, లాగుతోందా అన్నది చెప్పాలి. ఆ నొప్పికి కారణం గ్యాసని రోగి చెప్పనక్కర్లేదు. అది తేల్చాల్సింది డాక్టరే.

ఈ సందర్భాల్లో తెలుగు మాట్లాడేవాళ్లెవరూ "వర్ణించు" అనరు. "మనిషి ఎలా ఉన్నాడు?", "పోలికలు చెప్పు", "ఇల్లు గుర్తులు చెప్పండి" అంటారు. తప్పిపోయినవాళ్ల గురించి పేపర్‌లో వచ్చే ప్రకటనలు ఇందుకు మంచి నమూనా: చామనఛాయ, ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలు, ఇల్లు వదిలినప్పుడు నీలంరంగు చొక్కా. మెచ్చుకోలు లేదు, తీర్పు లేదు, కారణం లేదు. పదిమందిలో ఆ ఒక్కరిని పట్టుకోవడానికి ఎంత కావాలో అంతే ఉంటుంది.

చట్టం సరిగ్గా ఈ కొలతనే పట్టుకుంది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ ప్రకారం, స్థిరాస్తి దస్తావేజులో ఆ ఆస్తిని గుర్తించడానికి సరిపడా డిస్క్రిప్షన్ ఉంటే తప్ప రిజిస్టర్ చేయడానికి తీసుకోరు. దస్తావేజు చివర షెడ్యూలు పేరుతో సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు రాసేది అందుకే. తూర్పున ఎవరి పొలం, పడమర ఏ బాట అన్నది డిస్క్రిప్షన్. "బంగారం పండే భూమి" అని రాస్తే అది డిస్క్రిప్షన్ కిందికి రాదు, బ్రోకర్ మాట అవుతుంది. 1970 పేటెంట్ల చట్టం ఇంకో మెట్టు పైకి వెళ్లింది. కనిపెట్టినదాన్నీ, అది పనిచేసే తీరునూ, దాన్ని ఆచరణలో పెట్టే పద్ధతినీ పూర్తిగా, విడమరిచి డిస్క్రైబ్ చేయాలని 10వ సెక్షన్ అడుగుతుంది. అక్కడ గుర్తుపట్టేలా చెబితే చాలదు. ఆ రంగం తెలిసినవాడు చదివి చేసి చూసుకోగలగాలి.

ఇక్కడే "వర్ణన" అన్న తెలుగు మాటతో తేడా తేటపడుతుంది. మన కావ్య సంప్రదాయంలో అష్టాదశ వర్ణనలున్నాయి. నగరం, సముద్రం, పర్వతం, రుతువులు, చంద్రోదయం, సూర్యోదయం, వనవిహారం, జలక్రీడ అంటూ సాగే ఆ జాబితాలో ఏదీ ఆనవాలు పట్టడం కోసం కాదు. ప్రబంధంలోని నగర వర్ణన చదివి ఎవరూ ఆ ఊరికి దారి కనుక్కోలేరు, కవి ఉద్దేశమూ అది కాదు. వర్ణనలో రంగు వేయడం ఉంది, అలంకారం ఉంది. "చాల్లే నీ వర్ణన" అన్న ఎత్తిపొడుపులో ఉన్నదీ అదే. డిస్క్రైబ్‌కు సమానార్థకంగా వర్ణించు అని బట్టీపట్టినవాళ్ల ఇంగ్లిష్ వ్యాసాల్లో సూర్యాస్తమయాలు, ఉపమానాలు ఎక్కువగా కనబడటానికి ఈ సమీకరణం కొంత కారణం కావచ్చు.

"అబౌట్" ఎలా దూరింది?

భారతీయ ఇంగ్లిష్‌లో బాగా వినబడే వాక్యం: "డిస్క్రైబ్ అబౌట్ యువర్ ప్రాజెక్ట్." ఇంటర్వ్యూ గదుల్లో అడిగేవాళ్లూ అంటారు, చెప్పేవాళ్లూ అంటారు. ప్రామాణిక ఇంగ్లిష్‌లో ఇది తప్పు. డిస్క్రైబ్ సకర్మక క్రియ. దాని వెనుక కర్మ నేరుగా రావాలి: "డిస్క్రైబ్ యువర్ ప్రాజెక్ట్." అబౌట్‌కు చోటు లేదు. డిస్కస్ అనే క్రియదీ ఇదే సంగతి.

మరి అబౌట్ ఎందుకు వస్తోంది? తెలుగు వాక్యం మనసులో ముందే సిద్ధంగా ఉంటుంది కాబట్టి. "నీ ప్రాజెక్ట్ గురించి వివరించు" అన్నదాంట్లో "గురించి" ఉంది. దాన్ని అబౌట్ చేసి పెడతారు. ఇంగ్లిష్ లోపల కూడా ఈ పొరపాటుకు దారితీసే పోలికలున్నాయి. టాక్ అబౌట్, టెల్ మీ అబౌట్, స్పీక్ అబౌట్ అన్నీ సరైనవే. అన్నిటికీ ఉన్నది దీనికెందుకు లేదని బుర్ర అనుకోవడం సహజం. హిందీ, తమిళం మాట్లాడేవాళ్లూ ఇదే వాడతారు కాబట్టి తెలుగుదే మొత్తం తప్పనడానికి లేదు.

రెండో చిక్కు మనిషి దగ్గర వస్తుంది. "డిస్క్రైబ్ మీ ద హౌస్" అన్నా తప్పే. "డిస్క్రైబ్ ద హౌస్ టు మీ" అనాలి. గివ్, టెల్, షో లాంటి క్రియల తర్వాత మనిషిని ముందు పెట్టి, వస్తువును వెనక పెట్టవచ్చు. "టెల్ మీ ద ట్రూత్" అంటే చెల్లుతుంది. కానీ లాటిన్ వైపు నుంచి వచ్చిన పొడుగు క్రియల్లో చాలా వాటికి ఈ వెసులుబాటు లేదు. డిస్క్రైబ్, ఎక్స్‌ప్లెయిన్, సజెస్ట్, డొనేట్ ఈ గుంపులోవి. ఫేస్‌బుక్ గ్రూపుల్లో రోజూ కనబడే "సజెస్ట్ మీ ఎ గుడ్ హోటల్" కూడా ఈ గోడకే తగులుతుంది. తెలుగులో మనిషికి "కు" చేర్చి వాక్యంలో ఎక్కడ పెట్టినా నడుస్తుంది. నాకు ఇల్లు చూపించు, ఇల్లు నాకు చూపించు, రెండూ ఒకటే. క్రియ పుట్టుకను బట్టి మనిషి చోటు మారడం తెలుగువాళ్లకు ఊహకు అందని నియమం.

మూడోది కాస్త సూక్ష్మం. డిస్క్రైబ్ తర్వాత "దట్" రాదు. "షీ డిస్క్రైబ్డ్ దట్ ద రోడ్ వాజ్ బ్యాడ్" అనకూడదు, అక్కడ సెడ్ కావాలి. కానీ "హౌ" వస్తుంది, "వాట్" వస్తుంది. కారణం పై అర్థంలోనే ఉంది. దట్ తర్వాత వచ్చేది ఒక ప్రకటన, అవునో కాదో తేల్చుకోవలసిన మాట. హౌ తర్వాత వచ్చేది తీరు. ఈ క్రియ బొమ్మ కడుతుందే తప్ప ప్రకటన చేయదు.

"యాజ్" చేరితే మొత్తం మారుతుంది

ఇంతవరకూ చెప్పిన తటస్థత అంతా ఒక చిన్న మాటతో పోతుంది. "హీ డిస్క్రైబ్డ్ ద బిల్" అంటే బిల్లులో ఏముందో చెప్పాడని. "హీ డిస్క్రైబ్డ్ ద బిల్ యాజ్ హిస్టారిక్" అంటే బిల్లు మీద తన అభిప్రాయం చెప్పాడని. మొదటిది సమాచారం, రెండోది ముద్ర వేయడం.

తెలుగు పత్రికలు ఈ రెండో పనికి వేరే క్రియనే స్థిరపరచుకున్నాయి: అభివర్ణించు. "ఈ బడ్జెట్‌ను చారిత్రకమైనదిగా ముఖ్యమంత్రి అభివర్ణించారు" అన్న వాక్యం పేపర్ చదివేవాళ్లకు కొత్త కాదు. ఇంట్లో ఈ మాట ఎవరూ వాడరు. భోజనాల దగ్గర "అత్తయ్య పప్పును అద్భుతంగా అభివర్ణించింది" అంటే నవ్వుతారు. అది న్యూస్‌రూమ్ క్రియ, వెంట దాదాపు ఎప్పుడూ "గా" ఉండాల్సిందే. డిస్క్రైబ్ యాజ్‌కు ఇంతకంటే దగ్గరి తెలుగు లేదు. పాత్రికేయులకు దీని ఉపయోగం స్పష్టం. ఆ విశేషణం మాది కాదు, మాట్లాడినవాళ్లదని దూరం పాటించడానికి పనికొస్తుంది.

అకడమిక్ రాతలో ఈ తేడా ఇంకా పదును తేలుతుంది. ఇతరుల రచనల్ని ప్రస్తావించేటప్పుడు వాడే క్రియల్ని రిపోర్టింగ్ వెర్బ్స్ అంటారు. ఆర్గ్యూ, క్లెయిమ్, సజెస్ట్, డెమాన్‌స్ట్రేట్, డిస్క్రైబ్ వగైరా. ఒక్కో క్రియ ఎంపికతో రాసేవాళ్ల వైఖరి బయటపడిపోతుంది. ఒక ఉదాహరణ కట్టుకుందాం. ఒక పరిశోధకుడు ఫ్యాక్టరీ గురించి పుస్తకం రాశాడు. దాన్ని ప్రస్తావిస్తూ "ఫ్యాక్టరీ వ్యర్థాలు నదిలోకి ఎలా చేరాయో ఆయన డిస్క్రైబ్ చేశాడు" అని విద్యార్థి రాస్తే, వ్యర్థాలు చేరడం నిజమేనని విద్యార్థి కూడా ఒప్పుకున్నట్టే. హౌతో వచ్చిన డిస్క్రైబ్ మామూలుగా జరిగినదానికే వాడతారు. "ఆయన క్లెయిమ్ చేశాడు" అంటే నాకు అనుమానముందని సంకేతం. "ఫ్యాక్టరీని కాలుష్య కారకంగా డిస్క్రైబ్ చేశాడు" అని యాజ్‌తో రాస్తే నిజానిజాలు పక్కన పెట్టినట్టు. క్రియ మారలేదు, దాని వెనుక వచ్చిన చిన్న మాటే సాక్షి స్థానాన్ని మార్చేసింది. లిటరేచర్ రివ్యూ, అంటే తమ అంశం మీద ముందే వచ్చిన రచనల సమీక్ష, రాసే విద్యార్థులు వీటన్నిటినీ పర్యాయపదాల్లా తిప్పి తిప్పి వాడటం వల్ల, తాము ఒప్పుకోని విషయాన్ని కూడా ఒప్పుకున్నట్టు రాసేస్తుంటారు.

కనబడటం ఒకటి, డిస్క్రైబ్ కావడం ఒకటి

సైన్సులో ఈ క్రియకు పట్టా ఇచ్చేంత బరువుంది. "ఫస్ట్ డిస్క్రైబ్డ్ బై" అన్న మాటను తెలుగు వార్తల్లో తరచూ "మొదట కనుగొన్నది" అని అనువదిస్తారు. అది సరికాదు.

కడప జిల్లా కలివికోడి సంగతి చూస్తే ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఆ పక్షి నమూనాను సేకరించింది థామస్ జెర్డాన్ అనే సైనిక వైద్యుడు. ఇంగ్లిష్‌లో దాని పేరు కూడా ఆయన మీదే ఉంది, జెర్డాన్స్ కోర్సర్. కానీ 1848లో దాన్ని శాస్త్రీయంగా డిస్క్రైబ్ చేసింది కలకత్తా ఏషియాటిక్ సొసైటీ మ్యూజియంలో పనిచేసిన ఎడ్వర్డ్ బ్లైత్. శాస్త్రీయ నామం పక్కన ఉండేది బ్లైత్ పేరే. ఇరవయ్యో శతాబ్దంలో చాలా దశాబ్దాలు ఎవరికీ కనబడక, అంతరించిపోయిందనుకున్న ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికింది. సేకరణ, డిస్క్రిప్షన్, పునరావిష్కరణ అనే మూడు పనులు ముగ్గురివి. ఇక ఆ ముళ్లపొదల పక్కన బతికినవాళ్లకు దానికి కలివికోడి అని సొంత పేరే ఉంది. వాళ్లకు అది ఎప్పుడో తెలుసు. శాస్త్రానికి తెలియడం అంటే పత్రికలో డిస్క్రైబ్ కావడం.

నీలిరంగులో మెరిసే గుత్తి సాలీడు కథ ఇంకా విచిత్రం. 1899లో రెజినాల్డ్ పోకాక్ అనే బ్రిటిష్ జంతుశాస్త్రవేత్త దాన్ని ఒకే ఒక్క ఆడ సాలీడు నమూనా చూసి డిస్క్రైబ్ చేశాడు. ఆ నమూనా దొరికింది గుత్తి రైల్వే స్టేషన్ దగ్గర కలప నిల్వచేసే చోట. దాంతో దానికి గుత్తి పేరు స్థిరపడిపోయింది. 2001లో అది నిజంగా బతికే చోటు నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనబడింది. కలపతోపాటు రైల్లో గుత్తికి వచ్చి ఉంటుందన్నది ఇప్పటి అభిప్రాయం. డిస్క్రిప్షన్ సాలీడు గురించి సరిగ్గా చెప్పింది. దొరికిన చోటును నమోదు చేసింది. అది దాని సొంత ఊరేనా అన్న ప్రశ్న ఆ పత్రం పరిధిలోకి రాలేదు.

పేరు చెల్లాలంటే డిస్క్రిప్షన్ ఉండాలన్నది మర్యాదగా వచ్చిన ఆచారం కాదు, రాసిపెట్టిన నియమం. 1930 తర్వాత ప్రతిపాదించిన జంతువు పేరు చెల్లాలంటే, మిగతావాటి నుంచి దాన్ని వేరుచేసే లక్షణాల్ని మాటల్లో చెప్పే డిస్క్రిప్షన్ లేదా నిర్వచనం ఉండాలని అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి చెబుతుంది. మొక్కల విషయంలో 2011 చివరిదాకా ఆ డిస్క్రిప్షన్ లాటిన్‌లోనే ఉండాలి. 2012 జనవరి 1 నుంచి ఇంగ్లిష్‌లో రాసినా ఒప్పుకుంటున్నారు. పేరు పెట్టే హక్కు చూసినవాళ్లకు కాక రాసినవాళ్లకు దక్కడం కొంత అన్యాయంగా తోస్తుంది గానీ, రాసి లేని దాన్ని ఇంకొకరు సరిచూసుకునే వీలు లేదు.

వైద్యంలోనూ ఇదే పద్ధతి. జేమ్స్ పార్కిన్సన్ 1817లో వణుకుడు జబ్బు మీద రాసిన వ్యాసానికి ఆధారం ఆరుగురు రోగులు. వాళ్లలో కొందరిని ఆయన వీధిలో చూసి గమనించాడంతే. చేయి ఎలా వణుకుతుందో, మనిషి ముందుకు ఎలా వంగుతాడో, నడక ఎలా మారుతుందో రాశాడు. మెదడులో ఏ భాగం దెబ్బతింటే అలా అవుతుందో ఇరవయ్యో శతాబ్దంలో గానీ తేలలేదు. కారణం తెలియకపోయినా ఆ డిస్క్రిప్షన్ నిలిచింది. అలోయిస్ ఆల్జీమర్ 1906లో ఒక సభలో తన రోగి సంగతి చెప్పింది కూడా డిస్క్రిప్షనే.

పద్ధతులకూ ఈ మాట వర్తిస్తుంది. భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కేతో కలిసి 1925లో రక్తం వంటి ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను రంగు గాఢతను బట్టి కొలిచే పద్ధతిని ప్రచురించారు. ఆ తర్వాత దశాబ్దాలపాటు వేలకొద్దీ పరిశోధనా పత్రాల్లో "ఫిస్కే, సుబ్బారావు డిస్క్రైబ్ చేసిన విధంగా" అన్న అర్థంలో ఒక్క వాక్యం రాసి ఊరుకునేవారు. మళ్లీ మొత్తం పద్ధతి రాయనక్కర్లేదు. "యాజ్ డిస్క్రైబ్డ్ ప్రీవియస్లీ" అన్న ఈ సంప్రదాయం చోటు ఆదా చేస్తుంది. దుర్వినియోగమూ అవుతుంది. ఆ పాత పత్రం తీస్తే అందులోనూ "ముందు డిస్క్రైబ్ చేసినట్టే" అని ఇంకో పాత పత్రం చూపించడం ప్రయోగశాలల్లో పనిచేసేవాళ్లకు అనుభవమే.

ప్రశ్నపత్రంలో అది ఒక మెట్టు

పరీక్షల దగ్గరికి వచ్చేసరికి డిస్క్రైబ్ కొలతగా మారుతుంది. చాలా దేశాల స్కూళ్లలో నడిచే అంతర్జాతీయ బాకలారియేట్ (ఐబీ) కోర్సు ఇచ్చే ఆదేశ పదాల జాబితాలో, అంటే ప్రశ్నలో ఏం చేయాలో చెప్పే క్రియల జాబితాలో, డిస్క్రైబ్ అంటే వివరమైన కథనం ఇవ్వడం. ఎక్స్‌ప్లెయిన్ అంటే కారణాలతో సహా వివరమైన కథనం ఇవ్వడం. రెండు నిర్వచనాల మధ్య తేడా ఒక్క "కారణాలతో సహా". మార్కులు తిరిగేది ఆ ఒక్క మాట మీదే.

గుండె నిర్మాణాన్ని డిస్క్రైబ్ చేయమంటే నాలుగు గదులు, కవాటాలు, రక్తనాళాలు చెబితే చాలు. ఎడమ జఠరిక గోడ కుడిదానికంటే మందంగా ఉంటుందని కూడా చెప్పవచ్చు. ఎందుకు మందంగా ఉంటుందో ఎక్స్‌ప్లెయిన్ చేయమంటే, కుడిది పక్కనున్న ఊపిరితిత్తులకు రక్తం పంపితే చాలు, ఎడమది ఒళ్లంతటికీ నెట్టాలి అన్నది రాయాలి. తెలుగు మీడియం ప్రశ్నపత్రంలో రెండుచోట్లా "వివరించండి" అనే ఉండే అవకాశం ఎక్కువ. వివరించు అన్న క్రియ ఎలా, ఎందుకు రెండింటినీ ఒకే సంచిలో వేసుకుంటుంది. అందుకే తెలిసినదంతా రాసెయ్యడం మన జవాబుల అలవాటైంది. ఇక్కడ దిద్దేవాళ్లు అందులోంచి కావలసింది ఏరుకొని మార్కులిస్తారు. మార్కింగ్ స్కీమ్ కచ్చితంగా ఉన్నచోట ఎక్కువ రాసినదానికి మార్కులు రావు, టైమ్ మాత్రం పోతుంది.

విదేశీ చదువులకు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఇఎల్‌టీఎస్‌లో, అకడమిక్ రైటింగ్ మొదటి టాస్క్‌లో దీని దెబ్బ సూటిగా తగులుతుంది. గ్రాఫ్ ఇచ్చి, ముఖ్యాంశాలు ఎంచి చెప్పమంటారు, అవసరమైనచోట పోల్చమంటారు. కనీసం 150 పదాలు, సూచించే సమయం 20 నిమిషాలు. కార్ల సంఖ్య పెరిగినట్టు గ్రాఫ్‌లో ఉంటే, "ప్రజల ఆదాయం పెరిగింది కాబట్టి" అని కలపడం తెలివిగా కనిపిస్తుంది. కానీ ఆ కారణం గ్రాఫ్‌లో లేదు. అక్కడ అడిగింది కనబడేదాన్ని చెప్పమని. అదే పరీక్షలో స్పీకింగ్ రెండో భాగంలో కార్డు మీద మళ్లీ "డిస్క్రైబ్" అనే ఉంటుంది: నచ్చిన మనిషి, వెళ్లిన ఊరు. ఒక నిమిషం ఆలోచించుకొని రెండు నిమిషాల వరకూ మాట్లాడాలి. ఇక్కడ ఎందుకు నచ్చిందో కూడా చెప్పమని కార్డే అడుగుతుంది. అంటే ఒకే పరీక్షలో ఒకచోట అకడమిక్ అర్థం, ఇంకోచోట వీధి అర్థం నడుస్తున్నాయి.

ఇక "టూ డిస్క్రిప్టివ్" సంగతి. దీని వెనుక, నేర్చుకోవడాన్ని మెట్లుగా విడదీసే బ్లూమ్ వర్గీకరణ నీడ ఉంది. 1956లో బెంజమిన్ బ్లూమ్ బృందం ప్రకటించి, 2001లో ఆండర్సన్, క్రాత్‌వోల్ సవరించిన ఆ నిచ్చెనలో గుర్తుంచుకోవడం, అర్థం చేసుకోవడం కింద ఉంటాయి. విశ్లేషించడం, మూల్యాంకనం చేయడం పైన ఉంటాయి. టీచర్లకు ఇచ్చే క్రియల పట్టికల్లో డిస్క్రైబ్ ఎక్కువగా కింది రెండు మెట్ల దగ్గరే కనిపిస్తుంది. మాస్టర్స్ విద్యార్థి పై మెట్ల మీద నిలబడతాడని అక్కడ దిద్దేవాళ్లు ఆశిస్తారు. డిస్క్రిప్టివ్ అన్న వ్యాఖ్యకు భావం "నీవు తప్పు రాశావు" అని కాదు, "కింది మెట్ల దగ్గరే ఆగావు" అని.

ఒక ఉదాహరణతో ఈ మెట్లు చూడొచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత దాదాపు 67 శాతం, కేరళలో 94 శాతం. ఇది డిస్క్రిప్షన్. ఇప్పటి కేరళలోని తిరువాన్కూరు, కొచ్చి సంస్థానాల్లో బడులు ముందే వ్యాపించాయి, నిజాం పాలనలోని తెలంగాణలో తెలుగు మాధ్యమ బడులు తక్కువ అని చెబితే ఎక్స్‌ప్లనేషన్‌లోకి అడుగుపెట్టినట్టు. ఆ కారణం ఒక్కటే అయితే నిజాం పాలనలో లేని కోస్తా జిల్లాల్లోనూ కేరళ స్థాయి ఎందుకు రాలేదని నిలదీస్తే అది విశ్లేషణ. మన విద్యార్థులు మొదటిదాన్ని నాలుగు పేజీలకు పెంచుతారు. రెండోది ఒక పేరా రాస్తారు. మూడోది రాయడం అమర్యాద అనుకుంటారు, ఎందుకంటే అక్కడ పుస్తకాన్ని ప్రశ్నించాలి.

కింది మెట్టు అనడం పూర్తిగా సరికాదు

పైమెట్టు మోజులో డిస్క్రిప్షన్ చులకన కావడం కూడా ఉంది. భౌతికశాస్త్ర చరిత్ర దీనికి ఎదురు నిలుస్తుంది. 1713లో వచ్చిన తన ప్రిన్సిపియా పుస్తకం రెండో ముద్రణలో, గురుత్వాకర్షణకు కారణాన్ని తాను ఊహించి చెప్పనని న్యూటన్ రాశాడు. అది ఏ లెక్క ప్రకారం పనిచేస్తుందో చెప్పడం చాలన్నాడు. 1876లో జర్మన్ భౌతికశాస్త్రవేత్త గుస్తావ్ కిర్కాఫ్ ఇంకా తెగేసి చెప్పాడు: ప్రకృతిలోని చలనాల్ని పూర్తిగా, అత్యంత సరళంగా డిస్క్రైబ్ చేయడమే యాంత్రికశాస్త్రం పని. ఆయన దృష్టిలో అది కింది మెట్టు కాదు, గమ్యం.

భాషాశాస్త్రం ఈ మాటకు మరో గౌరవం ఇచ్చింది. అక్కడ డిస్క్రిప్టివ్‌కు వ్యతిరేకం అనలిటికల్ కాదు, ప్రిస్క్రిప్టివ్. ఎలా మాట్లాడాలో శాసించేది ప్రిస్క్రిప్టివ్ వ్యాకరణం. జనం ఎలా మాట్లాడుతున్నారో నమోదు చేసేది డిస్క్రిప్టివ్ వ్యాకరణం. గ్రాంథికమా వ్యావహారికమా అని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో గిడుగు రామమూర్తి నడిపిన వాదంలో ఈ రెండు చూపులూ ఢీకొన్నాయి. జనం నోట ఉన్న రూపాల్ని ముందు చూడండి అన్నది గిడుగు పక్షం.

ఈ చూపుతో వెనక్కి వెళితే "డిస్క్రైబ్ అబౌట్" కూడా వేరుగా కనిపిస్తుంది. భారతీయ ఇంగ్లిష్‌ను అధ్యయనం చేసేవాళ్లు దాన్ని కొట్టేయరు. ఎవరు వాడుతున్నారు, ఎక్కడ వాడుతున్నారు, డిస్కస్ అబౌట్‌తో కలిసి ఎలా వ్యాపించింది అని రాసుకుంటారు. ఐఇఎల్‌టీఎస్ దిద్దేవాళ్లు మాత్రం అదే వాక్యాన్ని వ్యాకరణ దోషంగా లెక్కిస్తారు. ప్రస్తుతానికి అభ్యర్థి మార్కులు ఉన్నది రెండోవాళ్ల చేతిలో.